సూటు పాసైంది, పని ఫెయిలైంది: జెమిని-9ఏ స్పేస్‌వాక్ మీద ఒక టెస్ట్ ఇంజినీరు కేస్ స్టడీ

1966 జూన్ 5న అమెరికా వ్యోమగామి జీన్ సెర్నన్ జెమిని-9ఏ నౌక హ్యాచ్ (తలుపు) తెరుచుకుని బయటికి వచ్చారు. ఒంటి మీదున్న సూటు, ఛాతీకి కట్టుకున్న జీవరక్షణ పెట్టె, వెనకాల నౌక నుంచి ఆక్సిజన్ తెచ్చే 7.6 మీటర్ల అంబిలికల్ గొట్టం, అన్నీ నేల మీద పరీక్షలు దాటి వచ్చినవే. సుమారు రెండు గంటల ఎనిమిది నిమిషాల తర్వాత ఆయన మళ్ళీ లోపల పడేసరికి పరిస్థితి వేరు. గుండె నిమిషానికి 180 సార్ల దాకా కొట్టుకుంది. హెల్మెట్ వైజర్ లోపల ఆవిరి పట్టి ముందున్నది కనపడలేదు. ముక్కుతో అద్దాన్ని రుద్ది చిన్న కంత చేసుకుని అందులోంచి చూశారు. ఏ ప్రయోగం కోసం బయటికి వెళ్ళారో అది సగంలో ఆగిపోయింది. నేలకు దిగాక ఆ ఛాతీ పెట్టెను విప్పి పరీక్షిస్తే అది శుభ్రంగా పనిచేసింది.

ఈ చివరి వాక్యం వల్లే ఈ కేసంటే నాకు ఆసక్తి. నా ఉద్యోగం ఉపగ్రహ పరికరాలను థర్మోవ్యాక్ చాంబర్లో పెట్టి వేడికీ చలికీ శూన్యానికీ తట్టుకుంటాయో లేదో చూడటం. మనుషులు తొడుక్కునే సూట్లు నా పరిధిలోవి కావు. కానీ కొత్తగా చేరిన పిల్లలకు టెస్ట్ ప్లాన్ రాయడం నేర్పేటప్పుడు ముందు చెప్పేది ఈ కథే. పరికరం పాసై, మిషన్ ఫెయిలైతే తప్పు ఎక్కడుందో వెతకాల్సింది పరికరంలో కాదు, పరీక్షలో.

ముందు కొంచెం లెక్క

సుమారు 19 కిలోమీటర్ల ఎత్తు దాటాక గాలి పీడనం ఎంత పడిపోతుందంటే, 37 డిగ్రీల శరీర ఉష్ణోగ్రత దగ్గరే నీళ్ళు మరుగుతాయి. అమెరికా వైమానిక దళ వైద్యుడు హ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీద దీన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ హద్దు అంటారు. రక్తం మాత్రం ఉడికిపోదు, రక్తనాళాల గోడలు దాన్ని పట్టి ఉంచుతాయి. నోట్లో లాలాజలం, కంట్లో తడి, వీటికి ఆ రక్షణ లేదు. మనిషిని చంపేది ఈ మరగడం కూడా కాదు, ఆక్సిజన్ అందకపోవడం. 1960లలో టెక్సస్‌లోని బ్రూక్స్ వైమానిక స్థావరంలో కుక్కలను దాదాపు శూన్యంలో పెట్టి చూశారు. పది సెకన్లు అటూ ఇటూగా స్పృహ తప్పింది. ఒళ్ళు విపరీతంగా ఉబ్బింది. అయినా 90 సెకన్లలోపు మళ్ళీ గాలి అందించినవి చాలావరకు కోలుకున్నాయి. క్రూరమైన ప్రయోగాలే, కాదనను. శూన్యంలో మనిషికి ఎంత వ్యవధి ఉంటుందన్న అంచనా మాత్రం అక్కడి నుంచే వచ్చింది.

సూటు లోపల ఎంత పీడనం ఉంచాలి? నేల మీదున్నంత ఉంచితే మనిషి కదలలేడు. అందుకే జెమిని సూట్లలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను చదరపు అంగుళానికి 3.7 పౌండ్ల దగ్గర, అంటే దాదాపు పావు వాతావరణ పీడనం దగ్గర ఉంచారు. పావే కదా అనిపిస్తుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 0.26 కిలోల తోపు అది. మోచేతి దగ్గర 12 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలా సూటును ఊహించుకుంటే ఆ అడ్డుకోత మీద పడేది 29 కిలోల బరువు. మోచెయ్యి వంచినప్పుడు లోపలి ఘనపరిమాణం 100 మిల్లీలీటర్లు తగ్గిందనుకోండి, ఒక్కో వంపుకు రెండున్నర జూళ్ళ పని అదనం. ఒకసారికి ఇది లెక్కలోకి రాదు. రెండు గంటలపాటు ప్రతి కదలికకూ ఈ పన్ను కట్టాలి, వంచిన చెయ్యి వంచినట్టే ఉంచడానికీ కట్టాలి. గాలి నిండిన సైకిల్ ట్యూబు వంచి వదిలితే నిటారుగా వచ్చేస్తుంది కదా, సూటుది అచ్చం ఆ గుణమే.

అప్పటికి చేతిలో ఉన్న పరీక్షలు

మొదట్లో శూన్యం కావాలంటే బెలూన్ ఎక్కాల్సి వచ్చేది. 1960 ఆగస్టు 16న జోసెఫ్ కిటింగర్ తెరిచి ఉన్న తొట్టెలో 31 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి అక్కడి నుంచి దూకారు. పైకి వెళ్తుండగా కుడిచేతి గ్లౌజు పీడనం పట్టలేదు, చెయ్యి బాగా ఉబ్బిపోయింది. కిందివాళ్ళకు వెంటనే చెప్పలేదు, చెబితే ఆపేస్తారని. దిగిన కొన్ని గంటలకు చెయ్యి మామూలైంది. 1961 మే 4న అమెరికా నౌకాదళం తన మార్క్-4 సూటును పరీక్షించడానికి మాల్కం రాస్, విక్టర్ ప్రాథర్‌లను బెలూన్‌లో 34 కిలోమీటర్లు దాటించింది. అమెరికా తొలి వ్యోమగాములైన మెర్క్యురీ బృందం సూటుకు మాతృక ఇదే. అంత ఎత్తులో సూటు నిలబడింది. సముద్రంలో దిగాక హెలికాప్టర్ తాడు నుంచి ప్రాథర్ జారి నీళ్ళలో పడ్డారు. అప్పటికే వైజర్ తెరిచి ఉండటంతో సూటులోకి నీళ్ళు చేరి ఆయన చనిపోయారు. 1962 నవంబరు 1న సోవియట్ యూనియన్‌లో ప్యోత్ర్ దొల్గోవ్ 28 కిలోమీటర్లకు పైనుంచి దూకుతూ హెల్మెట్‌ను తొట్టెకు కొట్టుకున్నారు. వైజర్ పగిలింది. నేలకు చేరేసరికి ప్రాణం లేదు.

ఈ మూడింటిలో సూటు బట్ట చిరిగిపోవడం అనే ప్రమాదం ఒక్కటీ లేదు. ఒకచోట గ్లౌజు, ఒకచోట తెరిచిన వైజర్, ఒకచోట తొట్టె అంచు. దెబ్బ ఎప్పుడూ మనిషీ పరికరమూ చుట్టూ ఉన్న వస్తువులూ కలిసే అతుకు దగ్గరే తగిలింది.

చాంబర్లు పెద్దవయ్యాక బెలూన్ల అవసరం తగ్గింది. చాంబర్లో శూన్యం తేవచ్చు, గోడలకు ద్రవ నైట్రోజన్ పంపి అంతరిక్షపు చలి తేవచ్చు, దీపాలతో ఎండ తేవచ్చు. గంటల తరబడి నడపవచ్చు. లేనిదల్లా ఒక్కటే, భారరహిత స్థితి. చాంబర్లో మనిషి నేల మీద నిలబడతాడు, లేదా కుర్చీలో కూర్చుంటాడు. కాళ్ళకు ఆనిక ఉంటుంది.

భారరహిత స్థితి కావాలంటే విమానం ఎక్కాలి. అమెరికన్లు ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరం నుంచి కేసీ-135 విమానాన్ని, సోవియట్‌లు టీయూ-104ను పారాబొలా దారిలో ఎగరేసేవాళ్ళు. పైకెక్కి వంపు తిరిగే ఆ కాస్త దూరంలో లోపలివాళ్ళు తేలిపోతారు. ఒక్కో వంపుకు దొరికేది 25 సెకన్లు, మహా అయితే ఇంకొన్ని. తర్వాత విమానం కిందికి దిగి మళ్ళీ లేచేటప్పుడు ఒంటి బరువు రెట్టింపవుతుంది. ఆ వ్యవధిలో నేల మీద వాలి ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ తేలతారు.

శూన్యం ఉన్నచోట తేలడం లేదు. తేలడం ఉన్నచోట శూన్యం లేదు, వ్యవధీ లేదు. దీన్ని ఒక పట్టికలా గీసుకుంటే అడ్డంగా పరిస్థితులు, నిలువుగా పరీక్షలు రాసుకోవచ్చు. ప్రతి నిలువు వరుసలో ఎక్కడో ఒక టిక్ పడుతుంది. ఏ ఒక్క అడ్డు వరుసా మొత్తం నిండదు. మా పనిలోనూ ఇదే బాధ. సౌర ఫలకాలు విచ్చుకుంటాయో లేదో చూడాలంటే వాటి బరువును పైన పట్టాలకు వేలాడదీసి మామూలు గదిలో విప్పి చూస్తాం. వేడిని మోసే హీట్ పైపుల్లో ద్రవం గురుత్వానికి ఒక పక్కకు చేరిపోకుండా చాంబర్లో ఫలకాన్ని జాగ్రత్తగా సమతలంగా అమర్చుకుంటాం. వేడి, శూన్యం, బరువులేమి, ఈ మూడింటినీ ఒకేసారి ఇచ్చే గది భూమి మీద ఎక్కడా లేదు.

లియొనోవ్ ఇచ్చిన హెచ్చరిక

1965 మార్చి 18న వొస్ఖోద్-2 నుంచి అలెక్సీ లియొనోవ్ మొదటిసారి అంతరిక్షంలోకి అడుగుపెట్టారు. 12 నిమిషాల 9 సెకన్లు. సూటు పేరు బెర్కుత్. మాస్కో దగ్గర తొమిలినోలోని కర్మాగారంలో, ఇప్పుడు జ్వెజ్దా అని పిలిచే సంస్థలో, గయ్ సెవెరిన్ బృందం దాన్ని కుట్టింది. బయటికి వెళ్ళే దారి వోల్గా అనే గాలి నింపే ఎయిర్‌లాక్, అంటే నౌకకూ శూన్యానికీ మధ్య రెండు తలుపుల గది. రెండున్నర మీటర్ల పొడవు, లోపల మీటరు వెడల్పు.

నేల మీద పరీక్షలు బాగానే చేశారు. లియొనోవ్ చాంబర్లో సూటు వేసుకుని పనిచేశారు. టీయూ-104లో వొస్ఖోద్ నమూనా, దానికి ఎయిర్‌లాక్ నమూనా పెట్టి, బయటికి రావడం లోపలికి వెళ్ళడం ముక్కలు ముక్కలుగా సాధన చేశారు. 1965 ఫిబ్రవరి 22న కాస్మోస్-57 పేరుతో మనుషులు లేని నౌకను పంపి ఎయిర్‌లాక్ విచ్చుకోవడం చూశారు. ఎయిర్‌లాక్ విచ్చుకుంది. తర్వాత రెండు భూకేంద్రాల నుంచి వెళ్ళిన సంకేతాలు కలగలిసి, నౌక వాటిని వేరే ఆదేశంగా తీసుకుని, చివరికి తనను తాను పేల్చేసుకుంది. దాన్నుంచి రావాల్సిన మిగతా సమాచారం పోయింది. నెల తిరక్కుండానే మనుషులను పంపారు. నా చేతిలో ఉంటే ఆ ఫైలు మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఆనాటి పోటీలో నా సంతకం కోసం ఎవరూ ఆగేవాళ్ళూ కాదు.

లియొనోవ్ తర్వాత చెప్పిన దాని ప్రకారం సూటు బయట ఉబ్బి, వేళ్ళు గ్లౌజుల చివర్ల నుంచి, పాదాలు బూట్ల నుంచి వెనక్కి వచ్చేశాయి. కాళ్ళు ముందుగా ఎయిర్‌లాక్‌లోకి వెళ్ళాలన్నది పథకం. అలా కుదరక సూటు పీడనాన్ని 0.4 వాతావరణాల నుంచి 0.27కు దించుకుని తల ముందుగా దూరారు. ఆ మీటరు వెడల్పు గొట్టంలో ఒళ్ళు తిప్పుకుని వెనక హ్యాచ్ మూయించాల్సి వచ్చింది. అసలు శ్రమ అక్కడే. శరీర ఉష్ణోగ్రత 1.8 డిగ్రీలు పెరిగిందని నమోదైంది.

ఇక్కడ డిజైన్‌ను మెచ్చుకోవాలి. పీడనం దించే అమరిక సూటులో ముందే ఉంది. అప్పటికి ఆయన చాలాసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ ఉండటంతో రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం తగ్గింది. పరీక్షలో కనపడని దానికి కూడా కొంత చోటు వదిలిపెట్టిన డిజైన్ అది.

అయితే ఈ వివరాలు అప్పట్లో బయటికి రాలేదు. ప్రపంచం విన్నది విజయం ఒక్కటే. అమెరికన్ ఇంజినీర్లకు ఈ హెచ్చరిక అందలేదు.

వైట్ విజయం చేసిన మోసం

1965 జూన్ 3న జెమిని-4 నుంచి ఎడ్ వైట్ సుమారు 20 నిమిషాలు బయట ఉన్నారు. చేతిలో ఆక్సిజన్ వాయువుతో తోసే చిన్న తుపాకీ. దాంట్లో వాయువు కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. తర్వాత గొట్టం పట్టుకుని అటూ ఇటూ తేలారు. హాయిగా ఉందని, లోపలికి రావడానికి మనసొప్పడం లేదని చెప్పారు. ఫోటోలు అద్భుతం. అందరూ తీసుకున్న పాఠం: బయట పనిచేయడం తేలిక.

వైట్‌కు బయట చెయ్యాల్సిన పని దాదాపు లేదన్నది ఆ ఫోటోల్లో కనపడదు. ఆయనకు నిజంగా కష్టమైంది హ్యాచ్ మూయడం దగ్గర, అంటే చేతులతో బలంగా ఒక పని చెయ్యాల్సి వచ్చినప్పుడు. అక్కడే ఒళ్ళంతా చెమట పట్టి అలసిపోయారు.

ఆ హ్యాచ్ సంగతి ఒక మంచి పరీక్షకు ఉదాహరణ కూడా. అంతకుముందు సెయింట్ లూయిస్‌లో చాంబర్లో పరీక్షిస్తుండగా హ్యాచ్ మొరాయించింది. ఒక స్ప్రింగు సరిగా కదలక పళ్ళచక్రాలు పట్టుకోలేదు. కమాండర్ జేమ్స్ మెక్‌డివిట్ ఒక మెకానిక్ దగ్గర కూర్చుని, ఆ యంత్రాంగం లోపల ఎలా ఉంటుందో, వేలు పెట్టి ఎక్కడ నెట్టాలో నేర్చుకున్నారు. అంతరిక్షంలో అదే మొరాయింపు మళ్ళీ వచ్చినప్పుడు ఆ జ్ఞానమే ఇద్దరినీ కాపాడింది. రిపోర్టులో 'సరిచేశాం' అని రాసి మూసేసే లోపాలకూ, ఆపరేటర్ చేతివేళ్ళ దాకా వెళ్ళే లోపాలకూ తేడా ఇది.

సెర్నన్ రెండు గంటలు

జెమిని-9ఏలో పని అసలైన పని. నౌక వెనక భాగంలో అమెరికా వైమానిక దళం తయారుచేసిన ఏఎంయూ అనే వీపు యంత్రం ఉంది. సెర్నన్ నౌక బయటి గోడ వెంబడి వెనక్కి వెళ్ళి, దాని చేతులు విప్పి, గొట్టాలు కలిపి, పట్టీలు బిగించి, తొడుక్కుని ఎగరాలి. దాని హైడ్రోజన్ పెరాక్సైడ్ జెట్లు వేడి ఆవిరిని చిమ్ముతాయి కాబట్టి సూటు కాళ్ళకు లోహపు తీగతో నేసిన అదనపు బట్ట వేశారు. మామూలుగానే వంగని సూటు ఇంకా బిగుసుకుంది.

బయటికి రాగానే తెలిసింది, గొట్టం ఆయన మాట వినదు. ఒక చోట ముట్టుకుంటే ఆ తోపుకు ఒళ్ళు మరో వైపు తిరుగుతుంది. పట్టుకోడానికి కడ్డీలు, కాళ్ళకు ఆనికలు కొన్ని ఉన్నాయి, సరిపోలేదు. ఒక వాల్వు తిప్పాలంటే ఆయనే తిరుగుతారు. తిరక్కుండా ఉండటానికి ఒక చేత్తో బిగించి పట్టుకోవాలి, మిగిలిన ఒక్క చేత్తో పని చెయ్యాలి. నేల మీద మన కాళ్ళు ఈ బిగింపును మనకు తెలియకుండానే చేసేస్తాయి. అక్కడ అది మొత్తం ముంజేతులు చెయ్యాల్సి వచ్చింది, అదీ ఉబ్బిన గ్లౌజులో.

నౌక చీకటి వైపుకు వెళ్ళే సమయానికి వైజర్ మసకేసింది. జెమిని సూటులో చల్లదనం ఇచ్చేది వీచే ఆక్సిజన్ మాత్రమే. ఒంటి మీద చెమటను అది ఆరబెడుతుంది. ఆ తేమను ఛాతీ పెట్టెలోని ఉష్ణ వినిమయ యంత్రం పట్టి తీసేయాలి. పట్టగలిగిన దానికన్నా ఎక్కువ తేమ వస్తే మిగిలింది సూటులోనే తిరుగుతుంది. అది చేరేది లోపల అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటికి, అంటే వైజర్‌కు. లోపలి నుంచి కమాండర్ టామ్ స్టాఫర్డ్ ఆపేద్దామని నిర్ణయించారు. ఏఎంయూ ఎగరలేదు.

పరీక్షకు ఎందుకు దొరకలేదు?

వేడి లెక్క ఒకటి వేసి చూద్దాం. అంకెలు నావి, సుమారువి. మనిషి విశ్రాంతిగా ఉంటే 100 వాట్ల వేడి పుట్టిస్తాడు. కష్టపడితే 500 దాటుతుంది. సూటు 300 వాట్లు తీసేయగలదనుకుంటే 200 వాట్లు ఒంట్లో మిగులుతాయి. 75 కిలోల మనిషి ఒళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 262 కిలోజూళ్ళు కావాలి. 200 వాట్ల చొప్పున అది చేరడానికి 22 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు విమానం. 25 సెకన్లలో చేరేది 5 కిలోజూళ్ళు. ఒంటి ఉష్ణోగ్రత పెరిగేది ఒక డిగ్రీలో యాభయ్యో వంతు. తర్వాత విశ్రాంతి. నూరు వంపులు ఎగిరినా, మధ్యమధ్యలో ఆగుతుంటే ఆ వేడి ఎప్పటికీ పోగుపడదు. సెర్నన్ ఏఎంయూ తొడుక్కోవడం కేసీ-135లో సాధన చేశారు. ప్రతి అడుగూ విడివిడిగా కుదిరింది. అడుగుల మధ్య ఉండాల్సిన అలసటే ఆ పరీక్షలో లేదు.

ఇక చాంబర్. అక్కడ గంటలు ఉన్నాయి, శూన్యం ఉంది, చల్లదన యంత్రం పనిచేసింది. కానీ నేల మీద కాళ్ళాన్చిన మనిషి, బిగించి పట్టుకునే శ్రమ లేని మనిషి, అంత వేడి పుట్టించడు. యంత్రాన్ని ఎంత వేడి భారం దగ్గర పరీక్షించారో ఆ భారం వరకు అది నిజాయితీగా పాసైంది. అంతరిక్షంలో పని పుట్టించే వేడి భారం ఎంతో కొలిచే పరీక్ష మాత్రం ఏ లాబ్ జాబితాలోనూ లేదు.

దీన్ని ఒక్కరి అలసత్వంగా చూడటం నాకు ఇష్టం లేదు. సూటువాళ్ళు సూటును, యంత్రంవాళ్ళు యంత్రాన్ని, విమానంవాళ్ళు కదలికలను పరీక్షించారు. అందరి రిపోర్టులూ పచ్చగా ఉన్నాయి. రిపోర్టుల మధ్య ఖాళీకి యజమాని లేడు.

వెంటనే సర్దింది ఒకటుంది. వైజర్‌కు ఆవిరి పట్టకుండా రాసే ద్రావణం అప్పటిదాకా నేల మీదే పూసి పంపేవాళ్ళు. తర్వాతి మిషన్ల నుంచి ఆ ద్రావణంలో తడిపిన గుడ్డలు ఇచ్చి, బయటికెళ్ళే ముందే తుడుచుకోమన్నారు. మంచిదే. కానీ అది రోగానికి కాదు, లక్షణానికి వేసిన మందు. 1966 సెప్టెంబరులో జెమిని-11 అది రుజువు చేసింది. రిచర్డ్ గోర్డన్ తమ నౌకతో జతకట్టిన అజీనా రాకెట్ నుంచి వచ్చే 30 మీటర్ల తాడును జెమిని నౌకకు కట్టాలి. విమానంలో సాధన చేసినప్పుడు నౌక ముక్కు మీద తొడలతో బిగించి కూర్చుని సులువుగా కట్టేశారు. అంతరిక్షంలో సూటు ఆయన కాళ్ళను విడదీసి పైకి తోసేస్తూనే ఉంది. తాడు కట్టారు కానీ కళ్ళలో చెమట దిగింది, ఒక కన్ను కనపడలేదు. గంటన్నర పైగా అనుకున్న నడకను 33 నిమిషాల్లో ముగించి వచ్చేశారు. ఆ నెలలోనే జెమిని-12 నుంచి ఏఎంయూను తీసేశారు.

బాల్టిమోర్ దగ్గర ఒక స్కూలు ఈతకొలను

పరిష్కారం అప్పటికే రెండేళ్ళుగా ఉంది, ఎవరూ అటు చూడలేదంతే. ఎన్విరాన్‌మెంటల్ రిసెర్చ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో శామ్యూల్ మ్యాటింగ్లీ, హ్యారీ లోట్స్ 1964 నుంచి నాసా లాంగ్లీ కేంద్రం కోసం నీళ్ళలో సూటు ప్రయోగాలు చేస్తున్నారు. చోటు మేరీల్యాండ్‌లో బాల్టిమోర్ దగ్గర మెక్‌డొనో స్కూలు ఈతకొలను. పీడనం నింపిన సూటుకు అక్కడక్కడా సీసపు బరువులు కట్టి, మనిషి మునగకుండా తేలకుండా మధ్యలో ఉండేలా సరిచేస్తారు. నీళ్ళలో 25 సెకన్ల హద్దు లేదు. రెండు గంటల పని రెండు గంటలూ ఆపకుండా చెయ్యవచ్చు.

తన మిషన్ తర్వాత సెర్నన్‌ను ఆ కొలనులోకి దించి అవే పనులు చేయించారు. అక్కడ ఎదురైన కష్టం అంతరిక్షంలో ఎదురైన కష్టానికి దగ్గరగా ఉందని ఆయన చెప్పారు. పద్ధతి పరంగా నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చేది ఈ ఘట్టం. కొత్త పరీక్షను నమ్మాలంటే, ఫలితం ముందే తెలిసిన ఒక ఫెయిల్యూర్‌ను దాని మీద మళ్ళీ నడపాలి. ఆ ఫెయిల్యూర్‌ను అది పట్టుకుంటేనే తర్వాతి దానికి వాడాలి. మా దగ్గర కూడా కొత్త రిగ్ (పరీక్ష అమరిక) వస్తే పాత పాడైన నమూనానే ముందు పెట్టమంటాను. మంచి నమూనా మంచిదని చెప్పడం ఏ రిగ్‌కైనా చేతనవుతుంది.

1966 నవంబరులో జెమిని-12లో బజ్ ఆల్డ్రిన్ మూడు విడతల్లో మొత్తం ఐదున్నర గంటలు బయట గడిపారు. వాటిలో 13వ తేదీ నాటి రెండు గంటల పైచిలుకు పూర్తిగా బయటికి వెళ్ళి చేసిన పని. కొలనులో నేర్చుకున్నవన్నీ నౌక మీద కనిపిస్తాయి: పాదాలు దూర్చి నిలబడే బంగారు రంగు అచ్చులు, నడుముకు రెండు పక్కలా కట్టుకునే పొట్టి తాళ్ళు, మరిన్ని పట్టుకడ్డీలు. పనుల మధ్య రెండేసి నిమిషాల విశ్రాంతి ముందే రాసిపెట్టారు. ఆయన బోల్టులు తిప్పారు, కనెక్టర్లు ఊడదీసి కలిపారు, చెమటలు కక్కకుండా లోపలికి వచ్చారు. సూటు దాదాపు అదే. చల్లదన యంత్రం అదే.

కాళ్ళకు ఒక ఆనిక దొరకగానే 500 వాట్ల మనిషి 300 వాట్ల మనిషి అయ్యాడన్నమాట. సూటును మార్చేకన్నా పనిచేసే చోటును మార్చడం చవక.

చాంబర్‌ను తక్కువ చెయ్యను

నీళ్ళ గెలుపు చూసి చాంబర్ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. జెమిని-12 ముగిసిన నెలకే, 1966 డిసెంబరు 14న, హ్యూస్టన్ కేంద్రంలో జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ చంద్రుడి కోసం తయారవుతున్న సూటు తొడుక్కుని చాంబర్లో ఉన్నారు. సూటుకు పీడనం ఇచ్చే గొట్టం ఊడిపోయింది. లోపలి పీడనం 3.8 పౌండ్ల నుంచి పది సెకన్లలో 0.1 పౌండుకు పడిపోయింది. ఆయన సుమారు 14 సెకన్లు స్పృహలో ఉన్నారు. నాలుక మీద లాలాజలం బుడగలు కట్టడం ఆయనకు చివరగా గుర్తున్నది. మామూలుగా అరగంట తీసుకునే పీడనాన్ని సిబ్బంది ఒకటిన్నర నిమిషంలోపు నింపేశారు. చెవి నొప్పి తప్ప ఆయనకేమీ కాలేదు. ఈత కొలనులో గొట్టం ఊడితే నీళ్ళు కారతాయి, గజ ఈతగాడు వచ్చి పైకి లాగుతాడు. గొట్టం కీలు శూన్యంలో ఏం చేస్తుందో చాంబర్ తప్ప ఇంకేదీ చెప్పదు.

అపోలో సూటులో గాలి చల్లదనం స్థానంలో ఒంటికి అంటుకునే లోపలి చొక్కా, దానిలో సన్నని గొట్టాల్లో పారే చన్నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళను చల్లబరిచే సబ్లిమేటర్‌లో సూక్ష్మరంధ్రాల పలక మీద నీరు గడ్డకట్టి, ఆ మంచు నేరుగా ఆవిరై బయటికి పోతూ వేడిని మోసుకెళ్తుంది. గాలి ఉంటే అది పనిచేయదు. కాబట్టి దాన్ని పరీక్షించే చోటు చాంబర్ ఒక్కటే. 1969 మార్చి 6న అపోలో-9లో రస్సెల్ ష్వైకార్ట్ ఆ వీపు యూనిట్‌తో బయటికి వచ్చేసరికి, పని నీళ్ళలోనూ యంత్రం శూన్యంలోనూ విడివిడిగా రుజువై ఉన్నాయి.

కొలనుకూ దాని అబద్ధాలు దానికున్నాయి. నీటి ఒరిపిడి కదలికను ఆపేస్తుంది, కాబట్టి నౌక మీద ఆగకుండా తేలిపోయేది కొలనులో దానంతట అదే నిలుస్తుంది. సూటు తేలుతున్నా లోపలి మనిషి ఇంకా భూమి మీదే ఉన్నాడు. తలకిందులైతే బరువంతా భుజాల మీద పడి రక్తం తలకెక్కుతుంది. హ్యూస్టన్‌లో ఇప్పుడున్న శిక్షణ కొలను 62 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు. ఎంత పెద్దదైనా ఈ రెండు గుణాలూ పోవు.

వాటి పక్కన చేరే మూడో గుణం 2013 జూలై 16న బయటపడింది. అంతరిక్ష కేంద్రం బయట ఇటలీ వ్యోమగామి లూకా పార్మిటానో హెల్మెట్‌లోకి లీటరుపైగా నీళ్ళు చేరాయి. చల్లదన వ్యవస్థలో నీటినీ గాలినీ వేరుచేసే పరికరం రంధ్రాలు మురికికి పూడుకుపోయాయి. వారం ముందు నడకలోనూ హెల్మెట్‌లో నీళ్ళు కనిపిస్తే తాగునీటి సంచి కారిందనుకుని సరిపెట్టారు. భూమి మీద హెల్మెట్‌లో నీళ్ళు పడితే మెడ దగ్గరికి జారిపోతాయి. అక్కడ అవి ముఖానికి అంటుకుని ముక్కు మీదికి, కళ్ళ మీదికి పాకుతాయి. దీన్ని చాంబర్ చూపించలేదు, కొలనూ చూపించలేదు. తర్వాత హెల్మెట్ వెనక నీళ్ళు పీల్చే మెత్త, నడుము దగ్గరి గాలిని నోటికి అందించే ఒక గొట్టం చేర్చారు.

2022 మార్చి 23న అదే కేంద్రం నుంచి వ్యోమగాములు రాజా చారి, మథియాస్ మౌరర్ దాదాపు ఏడు గంటలు బయట పనిచేసి వచ్చారు. రాజా చారి తండ్రి హైదరాబాద్‌లో చదువుకుని అమెరికా వెళ్ళినవారు. లోపలికొచ్చాక మౌరర్ హెల్మెట్‌లో మళ్ళీ నీటి పొర కనిపించింది. ఈసారి తాగునీటి సంచి మీదికి నెట్టలేదు. అత్యవసరం కాని నడకలన్నీ నెలల తరబడి ఆపి, ఆ సూటు భాగాలను భూమికి తెప్పించి విప్పి చూశారు.